బాడీ, మొలతాడు, లంగా బొందు: పిల్లల దుస్తుల చరిత్రలో ఒక అధ్యాయం

పరిచయం

ఈ పాఠం ఒక చిన్న లోదుస్తుతో మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లండులో పెరిగిన పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, చాలామంది చలికాలమంతా దాన్ని తొడుక్కునే బడికి వెళ్లారు. పేరు లిబర్టీ బాడీస్. చేతులు లేని, నడుము దాకా వచ్చే మందపాటి చొక్కా అనుకోండి. దానికి అప్పగించిన పనులు రెండు. పిల్లల వెన్ను వంగకుండా ఆసరా ఇవ్వడం ఒకటి, కాళ్ల మేజోళ్లు జారిపోకుండా పైనుంచి పట్టి ఉంచడం రెండోది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కూర్చుని చదువుతున్న మీకు ఆ చొక్కాతో పనేమిటి? మన ఎండలకు మేజోళ్లే అక్కర్లేదు కదా! అయితే ఆ చొక్కా వెనుక ఒక ప్రశ్న ఉంది. ఒంటి మీద బట్టల బరువు ఎక్కడ ఆనాలి, నడుము మీదా, భుజాల మీదా? ఈ ప్రశ్నకు ఇంగ్లండు ఒకలా, ఉత్తరాంధ్ర ఇంకొకలా జవాబు చెప్పాయి. ఒక విషయంలో మాత్రం రెండు చోట్లా జవాబు ఒకటే అయింది. ఆ పోలిక ఎక్కడుందో పాఠం చివరికి వచ్చేసరికి మీరే చెప్పగలగాలి. రాజులు, యుద్ధాలు, శాసనాలతో పాటు కుట్టుపని కూడా చరిత్రకు ఆధారమేనని ముందు యూనిట్లలో చదివారు. ఇక్కడ ఆ మాటను ఒక ఉదాహరణ మీద పరీక్షిస్తున్నాం.

1. ఒక మాట ప్రయాణం

మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆడవాళ్ల లోరవికను ‘బాడీ’ అనడం మీరు విని ఉంటారు. చిన్నపిల్లలకు కుట్టే చేతులు లేని లోచొక్కాను కూడా అదే పేరుతో పిలుస్తారు. ఇది ఇంగ్లీషు ‘బాడీస్’ నుంచి వచ్చిన మాట. అయితే ఇంగ్లీషులో ఆ ‘బాడీస్’ పుట్టుక చూస్తే తమాషాగా ఉంటుంది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో అక్కడి ఆడవాళ్లు తొడిగే బిగుతు రవిక ముందు, వెనుక రెండు భాగాలుగా ఉండేది. ఒంటికి తొడిగే ఆ రెండు భాగాలనూ ‘ఒక జత బాడీలు’ అనేవారు. ఆ బహువచనమే కాలక్రమంలో బాడీస్ అనే ఏకవచనంగా స్థిరపడింది. మన అమ్మమ్మలు చివరి అక్షరం వదిలేసి ‘బాడీ’ అన్నప్పుడు, తెలియకుండానే మూల పదాన్ని తిరిగి పట్టుకున్నారు. అరువు తెచ్చుకున్న మాటలను మనం ‘పాడుచేశాం’ అని అనుకునే వారికి ఈ ఉదాహరణ చెప్పవచ్చు.

2. కట్టిన పిల్లలు, విప్పమన్న పండితులు

యూరపులో పసిపిల్లలను పుట్టిన మొదటి నెలల్లో పొడవాటి గుడ్డ పట్టీలతో చుట్టచుట్టి కట్టే ఆచారం వందల ఏళ్లు నడిచింది. ఎముకలు మెత్తగా ఉంటాయి కాబట్టి కట్టకపోతే వంకర తిరుగుతాయన్నది ఆనాటి నమ్మకం. ఆ పట్టీలు విప్పిన కొంతకాలానికి, కలవారి ఇళ్లలోనైతే, నారతోగాని తిమింగలపు దవడ పట్టీలతోగాని గట్టిపరిచిన బిగుతు రవిక వచ్చేది. ఇది ఆడపిల్లలకే పరిమితం కాదు. మగపిల్లలు కూడా ఆరేడేళ్లు వచ్చి లాగులు తొడిగే దాకా దాన్ని భరించినవారే.

దీనిపై విమర్శ వైద్యుల నుంచి, తత్త్వవేత్తల నుంచి వచ్చింది. జాన్ లాక్ స్వయంగా వైద్యం చదివినవాడు. 1693లో పిల్లల విద్య గురించి రాసిన గ్రంథంలో, బిగించి కట్టిన బట్టలు ఛాతీని ఇరుకు చేసి ఊపిరిని, వెన్నును పాడుచేస్తాయని హెచ్చరించాడు. 1748లో విలియం కాడొగన్ అనే ఇంగ్లీషు వైద్యుడు పసిపిల్లలను చుట్టికట్టడం మానమని తల్లులకు, దాదులకు చెప్పాడు. 1762లో రూసో ‘ఎమిలీ’లో ఇదే మాటను ఇంకా ఆవేశంగా చెప్పాడు. రాజకీయ స్వేచ్ఛ గురించి యూరపు ఆలోచిస్తున్న కాలంలోనే ఉయ్యాలలోని బిడ్డ స్వేచ్ఛ గురించి కూడా మాట వచ్చిందన్నమాట.

పద్దెనిమిదో శతాబ్దం చివరికి మగపిల్లలకు బిగుతు రవిక చాలావరకు తప్పింది. ఆడపిల్లలకు తప్పలేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఆడదాని నడుము సన్నగా ఉండాలన్న ఫ్యాషను బలపడేకొద్దీ, పెద్దయ్యాక తొడగబోయే కార్సెట్‌కు అలవాటు పడాలని చిన్నప్పటి నుంచే తేలికపాటి కార్సెట్లు తొడిగేవారు.

ఇక్కడ బరువు లెక్క కూడా చూడాలి. ఆ కాలపు ఆడవాళ్ల లోలంగాలు ఒకదాని మీద ఒకటి నాలుగైదు ఉండేవి. అన్నీ నడుము దగ్గరే కట్టుకోవాలి. 1881లో లండన్‌లో ఏర్పడిన రేషనల్ డ్రెస్ సొసైటీ పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి, లోదుస్తుల బరువు ఏడు పౌన్లు మించకూడదని. అంటే సుమారు మూడు కిలోల నూటడెబ్బై గ్రాములు. సంస్కర్తలు ‘ఇంతకన్నా వద్దు’ అని గీసిన గీతే మూడు కిలోలు దాటితే, అంతకుముందు ఆ నడుము ఎంత మోసిందో ఊహించండి.

దీనికి పరిష్కారం అమెరికాలో ముందుగా రూపుకట్టింది. బోస్టన్‌లో స్త్రీలు, వారిలో కొందరు వైద్యులు, ఇచ్చిన ఉపన్యాసాలను ఆబా గూల్డ్ వూల్సన్ 1874లో దుస్తుల సంస్కరణ పేరుతో పుస్తకంగా తెచ్చింది. అందులోని ప్రధాన సూత్రం బట్టలను నడుముకు కట్టకుండా భుజాల నుంచి వేలాడదీయమన్నదే. మరుసటి ఏడాది, 1875లో, మసాచుసెట్స్ రాష్ట్రం వోబర్న్ పట్టణానికి చెందిన సుసాన్ టేలర్ కన్వర్స్ ‘ఎమాన్సిపేషన్ సూట్’ అనే లోదుస్తుకు పేటెంట్ పొందింది. ఎమాన్సిపేషన్ అంటే దాస్యవిముక్తి. బానిసల విముక్తి ప్రకటన వెలువడి పన్నెండేళ్లే అయింది. ఆ మాట ఆనాటి అమెరికన్ల చెవికి ఎంత బరువుగా తగిలి ఉంటుందో ఆలోచించండి. దాన్ని ఒక లోచొక్కాకు పెట్టడం ఇప్పుడు మనకు అతిగా అనిపించవచ్చు, వారికి మాత్రం అనిపించలేదు.

3. లిబర్టీ బాడీస్ ఎలా పనిచేసింది

ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో మార్కెట్ హార్బరో అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి సిమింగ్టన్ కుటుంబం పందొమ్మిదో శతాబ్దం మొదటి సగం నుంచి కార్సెట్ల వ్యాపారంలో ఉంది. కుట్టుమిషన్లు వచ్చాక ఆ వ్యాపారం పెద్ద ఫ్యాక్టరీ అయింది. ఆ కార్సెట్ల కంపెనీయే 1908లో పిల్లల కోసం లిబర్టీ బాడీస్ అనే వాణిజ్యనామంతో కార్సెట్ కాని కార్సెట్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. ఈ వైరుధ్యాన్ని గుర్తుపెట్టుకోండి. కార్సెట్ నుంచి విముక్తిని అమ్మింది కార్సెట్లు అమ్మేవాళ్లే.

దీని నిర్మాణం చాలా తెలివైనది. లోపలివైపు నూగు ఉన్న మెత్తని అల్లిక గుడ్డ, అందులో ఎముక పట్టీలు ఉండవు. ఆ గుడ్డ మీద భుజాల నుంచి నడుము దాకా నిలువుగా నూలు పట్టీలు కుట్టి ఉంటాయి. గుడ్డ సాగుతుంది, పట్టీ సాగదు. బరువంతా పట్టీల గుండా భుజాల మీదికి వెళుతుంది, ఛాతీ మీద ఒత్తిడి ఉండదు. ముందు భాగంలో బొత్తాలు, నడుము అంచున మరికొన్ని బొత్తాలు. కింది బొత్తాలకు లోలాగును తగిలించవచ్చు, సాగే పట్టీలు వేలాడదీసి మేజోళ్ల అంచులను పట్టించవచ్చు. తరువాతి కాలంలో రబ్బరు బొత్తాలు వచ్చాయి. ఉతికిన బట్టలను రోలర్ల మధ్య పెట్టి పిండే యంత్రంలో మామూలు బొత్తాలు పగిలిపోతుంటే రబ్బరువి నిలిచేవి.

మేజోళ్ల సంగతి చిన్నది కాదు. అప్పటి పిల్లల మేజోళ్లు మోకాలు దాటి తొడ దాకా ఉండేవి. అవి జారకుండా అంతకుముందు తొడకో మోకాలి కిందో గట్టి పట్టీ బిగించేవారు. రక్తం సరిగా ఆడదని వైద్యులు దాన్ని తప్పుపట్టారు. లిబర్టీ బాడీస్ ఆ పట్టీని తీసేసి, మేజోడు బరువును కూడా భుజానికే అప్పగించింది. ఇప్పుడు ఆ దుస్తు మొత్తం ఒక వేలాడే వంతెనలా కనిపించడం లేదూ?

అయితే వెన్నును నిటారుగా నిలుపుతుందన్న మాటలో ఎంత నిజముంది? మెత్తటి గుడ్డ, నూలు పట్టీలు వెన్నెముకను నిలపలేవు. నా అభిప్రాయంలో ఆ మాట కార్సెట్లకు అలవాటు పడిన తల్లుల భయం తీర్చడానికి చెప్పినది. కార్సెట్ వదిలేస్తే పిల్ల వెన్ను ఏమవుతుందో అన్న భయం ఉన్నవారికి, ‘వదిలెయ్యండి, దీనిలోనూ ఆసరా ఉంది’ అని భరోసా ఇచ్చింది. చలి నుంచి రక్షణ మాత్రం నిజం. వేడి చేసే ఏర్పాట్లు సరిగా లేని ఇళ్లలో, బడుల్లో అదే దాని అసలు ఉపయోగం. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఇళ్లు వెచ్చబడ్డాయి. 1960లలో నడుము నుంచి పాదం దాకా ఒకే తొడుగుగా ఉండే టైట్స్ వ్యాపించాయి. మేజోడును పట్టుకోవలసిన పనే లేకపోయాక ఆ చొక్కా కూడా మెల్లగా మరుగున పడింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లిబర్టీ బాడీస్‌లో సాగే గుడ్డ మీద సాగని పట్టీలు ఎందుకు కుట్టారు? మూడు వాక్యాల్లో రాయండి.

4. వంగిన వెన్ను వెనుక ఏముంది

1908 అన్న సంవత్సరాన్ని దాని చుట్టూ ఉన్న ఇతర సంవత్సరాలతో కలిపి చూడండి. 1899 నుంచి 1902 దాకా జరిగిన బోయర్ యుద్ధానికి సైనికులను చేర్చుకునేటప్పుడు, పారిశ్రామిక పట్టణాల నుంచి వచ్చిన యువకుల్లో చాలామంది శరీరదారుఢ్యం లేక తిరస్కరణకు గురయ్యారు. సామ్రాజ్యాన్ని ఏలుతున్న జాతి బలహీనపడుతోందన్న ఆందోళన పుట్టింది. ప్రభుత్వం వేసిన కమిటీ శారీరక క్షీణతపై 1904లో నివేదిక ఇచ్చింది. 1906లో బడిపిల్లలకు భోజనం పెట్టే చట్టం, 1907లో బడుల్లో వైద్యపరీక్షలు, 1909లో బడుల కోసం స్వీడిష్ పద్ధతి వ్యాయామాల సిలబస్ వచ్చాయి. పిల్లల వెన్ను జాతీయ సమస్య అయిన ఆ రోజుల్లోనే వెన్నుకు ఆసరా ఇస్తానన్న చొక్కా వచ్చింది.

ఆ పిల్లల కాళ్లు, వెన్ను వంగడానికి ప్రధాన కారణాల్లో ఒకటి రికెట్స్. పొగ కమ్మిన పట్టణాల్లో, ఇరుకు సందుల్లో ఎండ తగలక, సరైన తిండి లేక ఎముకలు మెత్తబడే జబ్బు ఇది. ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కలపై చేసిన ప్రయోగాలతో దీనికి తిండిలోని లోపంతో సంబంధం ఉందని, కాడ్ చేప కాలేయపు నూనెతో నయమవుతుందని చూపించాడు. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత దీపపు కాంతితో పిల్లల రికెట్స్‌ను నయం చేశాడు. 1922లో మెక్‌కొల్లమ్ బృందం ఆ నూనెలోని పదార్థాన్ని వేరుగా గుర్తించగా దానికి డి విటమిన్ అని పేరొచ్చింది. అంటే వెన్నుకు కావలసింది పట్టీ కాదు, ఎండ, తిండి. చొక్కా వచ్చిన పద్నాలుగేళ్లలో విజ్ఞానశాస్త్రం తేల్చిన మాట అది. అయినా చొక్కా ఇంకో నలభై ఏళ్లు అమ్ముడుపోయింది.

మనవైపు కూడా ఇలాంటి పాఠం ఒకటుంది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను బిగుసుకుపోయి వంగిపోయిన మనుషులను వైద్యపరిశోధకులు పరిశీలించారు. కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని తేలింది. నల్గొండ బాధ మీకు తెలిసిందే. వంగిన వెన్నును చూడగానే ఆ మనిషి కూర్చునే తీరును, కట్టే బట్టను తప్పుపట్టడం సులువు. నీటిని, గాలిని, పళ్లాన్ని పరీక్షించడం కష్టం, ఖర్చు కూడా.

5. ఉత్తరాంధ్రలో: కుట్టని బట్ట, మొలకు ఒక తాడు

ఇక మన ప్రాంతానికి వద్దాం. పుట్టిన బిడ్డకు పురుడు వెళ్లాక మొలకు తాడు కట్టడం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నేటికీ ఉన్న ఆచారం. నల్లతాడు, కలిగినవాళ్లయితే వెండి మొలతాడు. దిష్టి తగలకుండా కడతారని అందరూ చెబుతారు. కానీ దాని చాకిరీ అంతకన్నా పెద్దది. గుంటడు కాస్త పెరిగాక గోచిగుడ్డను ముందూ వెనకా పట్టి ఉంచేది అదే. తాడు బిగుతైతే బిడ్డ ఒళ్లు చేశాడని, వదులైతే చిక్కాడని తల్లులు లెక్క కట్టేవారు. తూనికయంత్రం లేని ఇంట్లో అదే కొలబద్ద. లిబర్టీ బాడీస్ మేజోడును పట్టుకున్నట్టు మొలతాడు గోచిని పట్టుకుంది. తేడా అల్లా ఒకటే, అక్కడ భుజం మోసింది, ఇక్కడ నడుము. గోచి బరువు ఎంతని? నడుముకు ఆ మాత్రం లెక్కలోకి రాదు.

పెద్దల బట్టలో కూడా బొత్తం, పట్టీ లేవు. పొందూరు ఖద్దరు పంచె దీనికి మంచి ఉదాహరణ. కొండపత్తిని, పునాస పత్తిని ఏరి, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఒంటి కదురు రాట్నంపై వడికిన సన్ననూలు అది. అంత నాణ్యమైన బట్టను కూడా కత్తిరించలేదు, కుట్టలేదు. మడతే దాని బొత్తం, దోపే దాని పట్టీ. కుట్టని బట్టకు ఒక ఒంటి కొలత అంటూ ఉండదు. తండ్రి పంచెను కొడుకు కట్టుకోవచ్చు. దీన్ని వెనుకబాటుతనంగా చూసిన పాత వ్యాఖ్యలను మీరు జాగ్రత్తగా చదవాలి.

అలాంటి చదువుకు ఒక నమూనా ఇస్తాను. సాలూరు, పాచిపెంట వైపు కొండల్లోనూ, పక్కనున్న ఏజెన్సీలోనూ ఉండే గదబ స్త్రీలు కెరంగు అనే నార కలిపి సొంతంగా నేసుకున్న చారల బట్ట కట్టేవారు. దాని లోపల నడుము వెనుక నల్లతాళ్ల పేటల కట్టు ఒకటి ఉండేది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో దాన్ని వర్ణిస్తూ ‘బజిల్’ అన్న మాట వాడాడు. అది 1880ల దాకా ఇంగ్లీషు సంపన్న స్త్రీలు లంగా వెనుకభాగం ఎత్తుగా కనిపించడానికి నడుముకు కట్టుకున్న సాధనం పేరు. ఆయన చూసింది గదబ కట్టునే. పేరు మాత్రం ఇరవై ఏళ్ల కిందట తన దేశంలో పాతబడిపోయిన ఫ్యాషనుది. మన ప్రాంతం గురించిన ఆనాటి ఇంగ్లీషు రచనల్లో ఇలా తమ బీరువాలోని బట్టల పేర్లు మన కొండల మీద ఆరేసిన చోట్లు చాలా కనిపిస్తాయి.

తెల్లవాళ్లు మన ఎండలో ఏం కట్టారో కూడా చూడాలి. విజయనగరంలో కంటోన్మెంటు ఉండేది, ఆ పేరు ఊళ్లో ఇప్పటికీ ఉంది. భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళాల్లో 1870ల నుంచి కెనడా బాప్టిస్టు మిషనరీ కుటుంబాలు స్థిరపడసాగాయి. భారతదేశంలోని బ్రిటిష్ సైనికులు, వారి కుటుంబాలు ఆ కాలంలో ‘కలరా బెల్టు’ అనే ఉన్ని పట్టీని పొట్ట చుట్టూ కట్టుకునేవారు. పొట్టకు చలి తగిలితే కలరా, విరేచనాలు వస్తాయన్నది నమ్మకం. 1884 నాటికి రాబర్ట్ కోక్ కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించాడు. అయినా ఆ బెల్టు ఇంకా కొన్ని దశాబ్దాలు వాడుకలో నిలిచింది. మన మొలతాడును మూఢనమ్మకమన్న వారి పొట్టకు ఉన్ని తాయెత్తు ఉందని చెబితే అన్యాయం కాదనుకుంటాను.

6. పట్టీ కాదు, కసరత్తు

ఇంగ్లండు చొక్కా మీద నమ్మకం పెట్టుకున్న కాలంలోనే మన ప్రాంతంలో వెన్నును నిలబెట్టే పని సాముగరిడీలు చేశాయి. తాలింఖానాలో దండాలు, బస్కీలు తీసే కుర్రవాడి ఒంటి మీద ఉండేది బిగించిన లంగోటీ ఒక్కటే.

ఈ సంప్రదాయం నుంచి వచ్చినవాడే కోడి రామ్మూర్తినాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది తిరిగొచ్చి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశాడు. తరువాత సొంత సర్కస్ కంపెనీతో దేశదేశాలు తిరిగి, ఛాతీ మీద ఏనుగును నిలపడం, ఇనుప గొలుసులు తెంపడం వంటి ప్రదర్శనలతో ‘కలియుగ భీముడు’, ‘ఇండియన్ హెర్క్యులిస్’ అనిపించుకున్నాడు. 1942లో మరణించాడు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. సర్కస్ కథలు అందరికీ తెలుసు, డ్రిల్లు మాస్టారు రామ్మూర్తి తక్కువమందికి తెలుసు. మన పాఠానికి కావలసింది ఆ మాస్టారే. సామాన్యుల పిల్లలకు వెన్ను నిలబెట్టుకోవడం నేర్పవచ్చని, దాన్ని బడిలో నేర్పవచ్చని ఆ ఉద్యోగం చెబుతోంది. ఇంగ్లండులో 1909 సిలబస్ చెప్పిందీ దాదాపు అదే.

ఒక లోటు మాత్రం దాచకూడదు. సాముగరిడీ మగపిల్లలది. అదే ఊళ్లో అదే వయసు ఆడపిల్ల వెన్ను గురించి ఏ గురువూ ఆలోచించలేదు. ఆమె గురించి ఆలోచించినవాడు, విచిత్రంగా, దర్జీ.

7. బాడీ లంగా

చిన్నపిల్లకు పరికిణీ నడుము మీద నిలవదు. ఆ వయసులో పొట్ట ముందుకు ఉంటుంది, నడుము సన్నం కాదు. బొందు బిగిస్తే ఏడుపు, వదులు చేస్తే లంగా జారుతుంది. దీనికి మన దర్జీల పరిష్కారం బాడీ లంగా. చేతులు లేని ఒక చిన్న బాడీ కుట్టి, దాని కింది అంచుకు కుచ్చిళ్లు పెట్టిన లంగాను అతికిస్తారు. వెనుక బొత్తాలో హుక్కులో ఉంటాయి. లంగా బరువు భుజాల మీద ఆనుతుంది. పిల్ల గెంతినా, చెట్టెక్కినా జారదు. ఏటేటా పొడవు పెంచుకోవడానికి లోపలికి మడిచి కుట్టిన టక్కులు ఉంటాయి. పండగ వస్తే ఒక టక్కు విప్పితే చాలు. మగపిల్లల లాగుకు రెండు భుజాల మీదుగా పోయే గేలీసులు కుట్టడం కూడా ఇదే సూత్రం.

కుట్టుమిషను పల్లెలకు రాకముందు ఇలాంటి కుట్టు అందరికీ అందేది కాదు. సింగర్ మిషన్లు భారతదేశంలో 1870ల నుంచి అమ్ముడయ్యాయి, 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది. మిషను అరుగు మీదికి వచ్చాకే బాడీ లంగా మామూలు ఇంటి బట్ట అయింది. వూల్సన్ ఉపన్యాసాలు, కన్వర్స్ పేటెంటు, సిమింగ్టన్ ఫ్యాక్టరీ ఏవీ చదవని దర్జీ కూడా బట్ట బరువును భుజానికే ఎక్కించాడు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారనుకోనక్కరలేదు. పిల్లల ఒంటి తీరే ఇద్దరికీ ఒకే దారి చూపింది.

పరిచయంలో చెప్పిన పోలిక ఇక్కడ కనిపిస్తుంది. పిల్ల పెద్దమనిషి అయ్యాక బాడీ లంగా పోతుంది. పరికిణీ, ఓణీ వస్తాయి, ఆపైన చీర, లోపల లంగా. బరువు భుజం దిగి నడుముకు వచ్చేస్తుంది. ఇంగ్లండులోనూ జరిగింది అదే. చాలాకాలం పాటు అక్కడి ఆడపిల్ల లిబర్టీ బాడీస్ విప్పాక తొడిగింది కార్సెట్టే. సంస్కర్తలు పెద్దవాళ్ల కోసం రూపొందించిన భుజం సూత్రం రెండు చోట్లా పిల్లల దగ్గరే ఆగింది. ‘లిబర్టీ’ అన్న పేరు ఎంత పెద్దదైనా దాని గడువు మాత్రం పదమూడు పద్నాలుగేళ్లే.

8. బొందు వదిలిన మచ్చ

నడుము మీద బరువు ఆనితే ఏమవుతుందని అడగవచ్చు. ఎక్కువమందికి ఏమీ కాదు, ఒక నల్లని చార మిగులుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల నడుము చుట్టూ ఆ చార ఉండే ఉంటుంది. కొందరికి ఆ చోట దురద, పొట్టు లేవడం ఉంటాయి. చాలా అరుదుగా, దశాబ్దాల తరబడి ఒకేచోట సన్నని బొందు ఒరిసి, మానని పుండు పడి, అది క్యాన్సరుగా మారిన సందర్భాలను వైద్యులు నమోదు చేశారు. 1945లోనే బొంబాయిలో వి. ఆర్. ఖానోల్కర్ పంచెకట్టు ఒరిపిడితో వచ్చే ఇలాంటి చర్మ క్యాన్సరును వర్ణించారు. 2024లో మహారాష్ట్ర, బీహారు వైద్యులు లంగా బొందు వల్ల ఇలా జరిగిన ఇద్దరు వృద్ధ స్త్రీల సంగతిని బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రచురించారు. వారి సలహా సులువైనది. లంగా వదులుగా కట్టాలి. సన్నని బొందు బదులు వెడల్పాటి పట్టీ ఉంటే ఒత్తిడి ఒకే గీత మీద పడదు. మానని పుండు ఉంటే డాక్టరుకు చూపించాలి. తొడ మీది బిగుతు పట్టీ గురించి పందొమ్మిదో శతాబ్దపు సంస్కర్తలు చెప్పినదానికీ దీనికీ దగ్గరి పోలిక ఉంది.

ఎండలో, నడుము వంచి వరినాట్లు వేసే స్త్రీ రోజంతా చెమటతో తడిసిన బొందును మోస్తుంది. ఆమె తన నడుము గురించి ఎవరికీ చెప్పదు, చూపదు. అందుకే ఈ చరిత్ర రికార్డుల్లో తక్కువగా దొరుకుతుంది.

9. మీ ఊళ్లో ఆధారాలు వెతకడం

ఈ అంశంపై అభ్యాసపత్రం రాసేవారికి రెండు మాటలు. పాత పత్రాల్లో జిల్లాల పేర్లు నేటివి కావు. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాకు వచ్చింది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. వీరఘట్టం, సాలూరు, పాచిపెంట 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. కాబట్టి విజయనగరం సంగతుల కోసం కార్మైకేల్ 1869 నాటి విశాఖపట్నం మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజెటీరు చూడాలి. శ్రీకాకుళానికి గంజాం మాన్యువల్ కూడా తిరగెయ్యాలి. వాటిలో పెద్దల బట్టల ప్రస్తావన ఉంటుంది గానీ పిల్లల లోదుస్తుల గురించి ఆశించకండి. కలెక్టరు దొరలకు అది కనిపించే విషయం కాదు.

అది తెలిసినవారు ఇద్దరే, ఇంట్లో అమ్మమ్మ, వీధిలో వయసు మళ్లిన దర్జీ. అమ్మమ్మను అడిగేటప్పుడు ‘ఆ రోజుల్లో ఏం కట్టేవారు’ అని అడిగితే పొడి జవాబు వస్తుంది. ‘బాడీ లంగా ఏ వయసులో మానేశావమ్మా, మొదటి బొందు లంగా ఎవరు కుట్టారు, ఒరుసుకుంటే ఏం రాసేవారు’ అని అడగండి. దర్జీని పాత కొలతల పుస్తకం ఉందేమో అడగండి. అందులో ఒకే పిల్ల పేరు కింద ఏటేటా మారిన కొలతలు కనిపిస్తే, భుజం నుంచి కింది అంచు దాకా ఉన్న కొలత ఏ ఏడాది ఆగి నడుము కొలత మొదలైందో తేదీతో సహా రాసుకోండి. పుస్తకంలోని పేర్లు మాత్రం మీ పత్రంలో రాయకండి.